అవధాన్లు గారి కొత్త లాప్‌టాప్

అవధాన్లు గారని జాతకాలు చూసే ఆయన ఉండేవారంట, గోదారి పక్కన ఓ లంక ఊళ్లో. వాళ్ల నాన్నగారు వేళ్ల కణుపుల మీదే లెక్క కట్టి చెప్పేసేవారు. ఈయన కాలానికి లాప్‌టాప్ వచ్చింది. వచ్చిందంటే ఎలాంటిదనుకున్నారు? మూత నిలబడదు, వెనకాల ఇత్తడి చెంబు ఆనించాలి. మీట నొక్కితే చాలు, లోపల పంకా తిరగలి తిరిగినట్టు గుర్రుమనేదంట. తెర మీద ఓ సున్నా తిరుగుతానే ఉండేది, తిరుగుతానే ఉండేది. అది తిరిగినంతసేపూ ఏం చేస్తాం? కబుర్లే కదా. వచ్చినోళ్లు అరుగు మీద చతికిలబడి, పిల్ల సంగతీ, అల్లుడి సంగతీ, ఇంట్లో ఎవరికి ఎవరితో మాటల్లేవో ఆ సంగతీ, అన్నీ చెప్పుకునేవారంట. వాళ్లావిడ విశాలాక్షమ్మ గారు మజ్జిగ ఇచ్చేది. ఆ మజ్జిగ కూడా ఆ లాప్‌టాప్ పుణ్యమేనండోయ్. చలికాలం పాలు తోడుపెట్టి గిన్నె దాని పక్కన పెడితే, ఆ సెగకి పెరుగు గడ్డలా తోడుకునేదంట. నవ్వకండి, ఉన్నమాటే.

ఏమైందంటే, ఒకరోజు పట్నం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన కుర్రాడొకడు దాన్ని చూసి, ‘ఏంటండీ పంతులు గారూ, ఇది మీ తాతగారిదా’ అని నవ్వాడంట. అంతే, అవధాన్లు గారికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. పంచె కట్టి, ఉత్తరీయం వేసి, పట్నం కొట్టుకి బయల్దేరారు. కొట్టువాడు మహా మాటకారి. అప్పడంలా పల్చగా ఉన్నదొకటి తీసి చేతిలో పెట్టి, చూడండి పంతులు గారూ, చప్పుడు రాదు, వేడెక్కదు, దీంట్లో సినిమాలు కూడా తయారు చెయ్యొచ్చు అన్నాడంట. నాకు సినిమాలెందుకయ్యా, గ్రహాలు తిరిగితే చాలు అన్నారీయన. ‘గ్రహాలా? గిర్రున తిరుగుతాయండి’ అన్నాడు వాడు. ఖరీదు ఎంతనుకున్నారు, రెండు పాడిగేదెలు వచ్చేస్తాయి దానికి! ఇంటికొచ్చి చెబితే విశాలాక్షమ్మ గారు కళ్లు పెద్దవి చేసుకుని, ఇప్పుడు దానికి ఏం తక్కువైందండీ, తిరగలి దగ్గరే కదా ఊరి కబుర్లన్నీ తెలిసేవి, చప్పుడు లేని దాని దగ్గర ఎవరు కూర్చుంటారు, ఆ డబ్బు గోడకేసిన సున్నమే అందంట. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు అన్నారీయన. ‘నిదానమే ప్రధానం అన్నదీ ఆ పెద్దలేగా’ అందావిడ. ఆయన వింటేగా! కొన్నారు. పాతది వంటింట్లోకి పోయింది.

ఇంక చూస్కోండి, కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా. ఎవరు వీధిలో పోతున్నా ‘రండి రండి, ఒక్క క్షణం’ అని పిలవడమే. వచ్చినోడు కండువా దులిపి కూర్చునేలోపు జాతకం వచ్చేసేది. కాళ్లు కడుక్కునేలోపు పొంతన తేలిపోయేది. వాళ్లకేమో నమ్మకం కుదిరేది కాదంట. ఇంతేనా అండీ? ఇంతే. సరిగ్గా చూశారా అండీ? చూసింది. మజ్జిగ గ్లాసు చేతికి రాకముందే లేచి వెళ్లిపోయేవారు. విశాలాక్షమ్మ గారు గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి అరుగు ఖాళీ. ఈయన మాత్రం దాని వీపు పంచె కొంగుతో తుడుచుకుంటా, చూశావా దీని జోరు అని మురిసిపోయేవారంట.

సరే, ఇలా ఉండగా అదే ఊళ్లో కోటిలింగమని కొబ్బరితోట రైతు. ఆయనకి పావని అని ఒక్కతే కూతురు. అవతలి గట్టు మీద మోటార్లు బాగుచేసే శేఖరు అని కుర్రాడి సంబంధం వచ్చింది. చూపులయ్యాయి, పిల్లకి పిల్లోడు నచ్చాడు, పిల్లోడికి పిల్ల నచ్చింది, ఇంక జాతకాలు కలిస్తే తాంబూలాలే. పావని పుట్టినప్పుడు రాయించిన జాతకం వరదలో కొట్టుకుపోయిందంట. అందుకని కోటిలింగం వచ్చి అరుగు మీద ఓ కాలు పెట్టి, శేఖరు జాతకం చేతికిచ్చి, మా పిల్ల సోమవారమండీ, సంత రోజు, తెల్లారగట్ల మూడింటికి పుట్టింది అని తేదీ కూడా చెప్పాడు. అవధాన్లు గారి వేళ్లు అప్పటికే మీటల మీద ఉన్నాయి. టకటక కొట్టారు. కోటిలింగం రెండో కాలు అరుగెక్కకముందే వచ్చేసింది. నాడీ దోషం, పొసగదు. ‘పొసగదంటే అస్సలు పొసగదా అండీ?’ ‘అస్సలు పొసగదు.’ పాపం, ఆ మనిషి పెట్టిన కాలు తీసేసుకుని వెళ్లిపోయాడు. పావని ఆ పూట నుంచి అన్నం ముట్టలేదంట. అటు శేఖరు వాళ్ల నాన్న, ఇది కలవదంటున్నారు కాబట్టి శుక్రవారానికి ఇంకో సంబంధానికి మాటిచ్చేస్తానన్నాడంట.

గురువారం పొద్దున్నే కోటిలింగం తల్లి సూరమ్మ కర్ర పట్టుకుని దిగింది. మనవరాలి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది గానీ, పావని కళ్లు వాచిపోయి, గుమ్మం పక్కనే తల దించుకుని నిలబడిపోయింది. సూరమ్మ, ‘పంతులు బాబూ, మా ఇంట్లో మూడు పెళ్లిళ్లు ఆ గుర్రుమనే మిషనే కలిపింది. ఈ అప్పడం ముక్కకి మా పిల్ల గురించి ఏం తెలుసని? పాతదాన్ని తియ్యి’ అంది. రెండూ ఒకటే చెబుతాయమ్మా అంటే వినదే! ‘నాకేం వద్దు నానమ్మా, పోదాం పద’ అంది పావని. ఆ గొంతు విని విశాలాక్షమ్మ గారు ఉండబట్టలేక, పెరుగు గిన్నె పక్కకి జరిపి పాతదాన్ని పట్టుకొచ్చి పెట్టేసింది, చెంబుతో సహా. మీట నొక్కారు. గుర్రుమంది. సున్నా తిరుగుతా ఉంది, తిరుగుతా ఉంది. ఇంకేం చేస్తారు, మజ్జిగొచ్చింది, సూరమ్మ కాళ్లు చాపుకుని మొదలెట్టింది. ఆ సోమవారం సంతకి వద్దంటే వినకుండా నా కోడలు నిండు నెలలతో నాతో వచ్చింది బాబూ, పనస తొనలు కొనిపెట్టే దాకా కదల్లేదు, ఇంటికొచ్చి తిని పడుకున్నాక నొప్పులు మొదలయ్యాయి, కోడి కూసేలోపు ఇది కేరుమంది, అని చెప్పుకుపోతా ఉంది. అవధాన్లు గారి చేతిలో గ్లాసు ఆగిపోయిందంట. ‘ఆగమ్మా ఆగు. సంత నుంచి వచ్చాకేనా పుట్టింది?’ ‘మరి, రాకముందు ఎలా పుడుద్ది? పొద్దు పొడవలేదు కాబట్టి ఇంకా సోమవారమే’ అంది సూరమ్మ. ఆ మాట నిజమే కదండీ, మనకి పొద్దు పొడిస్తేనే రోజు మారేది. మిషనుకి అలా కాదు, అర్ధరాత్రి దాటితే మంగళవారమే. కోటిలింగం సోమవారమన్నాడు, ఈయన సోమవారమే కొట్టారు. అంటే వాళ్లు ఇంకా సంతకే పోలేదు, ఈయన పిల్లని పుట్టించేశారు! రోజంతా తేడా, నక్షత్రమే మారిపోయింది. ఈ లెక్క తెలియనోడు కాదాయన, చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు నేర్పిన మొదటి పాఠమే అది. అడిగే తీరికే లేకపోయింది. సిగ్గేసింది ఆయనకి, నిజంగా సిగ్గేసింది. పాతది ఇంకా తిరుగుతానే ఉందనుకోండి. కొత్తది తెరిచి, మంగళవారం తేదీ వేసి కొట్టారు. దోషం లేదు, ఏం లేదు, దివ్యంగా కలిసింది. ‘తప్పు నాదేనమ్మా పావనీ, ఆ కుర్రాడే నీ మొగుడు, అన్నం తిను’ అన్నారంట. ఆ పిల్ల విశాలాక్షమ్మ గారి చేతిలో మజ్జిగ గ్లాసు తీసుకుని గడగడా తాగేసింది. సూరమ్మ మాత్రం కర్రతో పాత లాప్‌టాప్‌ని చూపించి, ‘నే చెప్పలేదూ, ఇదే కలిపిందని’ అంది. అది ఇంకా సున్నాలోనే ఉంది పాపం!

పెళ్లయింది, అందరం భోజనాలు చేశాం, వంకాయ కూర బావుంది. సూరమ్మ ఊరంతా పాతదాని గొప్పే చెప్పుకుంది, అవధాన్లు గారు కాదనలేదు. ఇప్పుడు మీరడుగుతారు, మరి అన్ని డబ్బులు పోసి కొన్న కొత్తది దండగేనా అని. దండగని నేనెందుకంటాను? ఇప్పటికీ దాంతోనే చూస్తున్నారు. కాకపోతే ఎవరైనా రాగానే ముందు మూత వేసేస్తారు. దాని మీద చెయ్యి పెట్టి, లోపల చూస్తా ఉంది, ఈలోపు మీరు ఇంటి సంగతులు చెప్పండి అంటారు. వాళ్లు చెబుతారు, మజ్జిగ తాగుతారు, అన్నీ విన్నాక అప్పుడు తెరుస్తారు. ఆ మూత ఉంది చూశారూ, ఒక్క వేలితో ఇలా తోస్తే చప్పుడు లేకుండా పడిపోద్దంట. పాతదానికి ఆ యోగం లేదుగా, దాని మూత వెనక్కి వాలిపోవడమే గానీ ముందుకి పడదు. రెండు గేదెల ఖరీదు ఎందుకయ్యిందా అనుకున్నాను, అదిగో, ఆ మూతకి.