రెండించులా, నాలుగించులా

అట్లా నవ్వకు గోపీ. నాలుగోసారి వచ్చాడు ధర్మయ్య అంకుల్, ఇవాళైనా తేలుస్తాడా అనేగా? నీకేం బాబూ, ఈ షెడ్డులో రోజుకి పది బండ్లు ఎత్తు చేస్తావు. నాకున్నది ఈ పాత బండొక్కటే!

సరే, మళ్లీ చెప్పు. ఉన్న స్ప్రింగులకే స్పేసర్లు, అదే ఆ రబ్బరు దిమ్మెలు, పెడితే బండి రెండించులు లేస్తుంది, కానీ గతుకుల్లో నడుం విరుగుతుంది. అంతేనా? స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మొత్తం మారిస్తే నాలుగించులు. రాళ్లదారిలో కూడా కింద తగలదు, కానీ మలుపుల్లో ఒరుగుతుంది. అచ్ఛా. మరి మూడించులది లేదా?

ఉందా? పోయినసారి లేదన్నావుగా! తెప్పించావా? ఎవరు తెప్పించమన్నారయ్యా నిన్ను?

కోపం కాదులే. అటు చూడు, బండిలో మీ ఆంటీ. జనక్‌పురి నుంచి ఇక్కడిదాకా ఒకటే గోల, లద్దాఖ్‌కి ఎన్ని స్వెట్టర్లు పట్టుకెళ్లాలని. ఫౌజ్‌లో ముప్పై ఏళ్లు డ్రైవర్ని. ఎంతమంది సాబ్‌లనో, మేమ్‌సాబ్‌లనో ఆ కొండల మీద తిప్పాను. ఈవిడ మాత్రం క్వార్టర్స్‌లో ఫోటోలు చూసుకుంటూ కూర్చుంది. "రిటైరయ్యాక నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేనే తీసుకెళ్తా కమలా" అన్నాను. అన్నానా? ఇంక వదుల్తుందా!

అసలు బండి ఎత్తు చేయించమన్నదెవరనుకున్నావ్? ఆవిడే! ఎడమవైపు కింద ఆ గీతలు చూశావుగా. బండి బాగా కిందికుంది, ఫుట్‌పాత్‌లకి తగులుతోందని చెప్పాను. "అయితే ఎత్తు చేయించండి, కొండల్లో ఎట్లాగూ కావాలి" అంది. ఠీక్ హై అన్నాను. ఏమంటాను మరి?

కాస్త ఇటు రా.

బండి ఎత్తు బాగానే ఉంది గోపీ. నాకే ఫుట్‌పాత్ కనబడలేదు.

నీటికాసులట. ఎడమకంటికి పక్కచూపు పూర్తిగా పోయింది. కుడిది కూడా పోతోంది. స్టీరింగ్ ముట్టుకోవద్దని మిలిటరీ ఆసుపత్రిలో ఆర్నెల్ల కిందటే చెప్పారు. పోయిన మంగళవారం ధౌలా కువాన్ దగ్గర స్కూటీ మీద ఓ అమ్మాయి... వెంట్రుకవాసిలో తప్పింది. మీ ఆంటీ ఆ పిల్లనే తిట్టిపోసింది. నేను నోరు విప్పలేదు. ఛీ!

అవును, ఇవాళ కూడా నేనే తోలుకొచ్చాను. తిట్టు, తిట్టు.

బండి ఎత్తు చేశాక కూడా గీతలు పడితే ఏం చెప్పను? అందుకే రెండా, మూడా, నాలుగా అంటూ నీ ప్రాణం తీస్తున్నాను.

డ్రైవర్ని పెట్టుకోవాలా? ఇద్దరం వెనకసీట్లో చుట్టాల్లా కూర్చోవాలా? కాన్వాయ్ బయల్దేరే ముందు రోజూ పొద్దున్నే అటెన్షన్‌లో నిలబడి చెప్పాలి మేం: గాడీ ఫిట్, డ్రైవర్ ఫిట్. ముప్పై ఏళ్లు చెప్పాను. జ్వరమొచ్చినా అన్‌ఫిట్ అనలేదు. ఇప్పుడు ఆవిడ ముందు ఆ మాట నోట్లోంచి రావడం లేదు నాయనా. భయంగా ఉంది.

నీ చేతులు పట్టుకుంటా, ఒక్క సాయం చెయ్యి. ఛాసిస్ తుప్పు పట్టింది, ఏ స్ప్రింగులూ నిలబడవు, ఈ బండి ఇక రోడ్డెక్కకూడదు అని ఆవిడతో నువ్వు చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతుంది.

ఏంటి, అటు చూస్తావేం? ఎవరు?

నా ఎడమపక్కనా?

కమలా... ఎంతసేపైంది నువ్వొచ్చి?

ఆ చెయ్యేంటి? తాళాలా?

ఇదిగో. తీసుకో.