జానెట్టా గులాబీలు

బురానో దీవిలో లేసు కుట్టే జానెట్టా పోయి రెండు రోజులైంది. కుట్టు పూర్తయిన లేసును కింది గుడ్డ నుంచి విడదీసే మార్కొలీనా ఇంటికి జానెట్టా కూతురు ఒర్సోలా వచ్చింది.

“నాలుగింటికి అమ్మ శవపెట్టె మూసేస్తారు పిన్నీ. ఆలోపు ఈ లేసు కోసిచ్చెయ్.”

“కోసిచ్చెయ్యడానికి ఇదేమైనా చేపటే? కూర్చో. ఏమైనా తిన్నావా?”

“గుర్తులేదు.”

“ఏడ్చావా?”

“రావట్లేదు. కొయ్యి.”

“లేసు కింది రెండు గుడ్డల మధ్య బ్లేడు పోవాలమ్మా. వెంట్రుకవాసి పక్కకెళితే మీ అమ్మ మూడేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టే… అబ్బ! ఈ గులాబీ చూడవే. రేకు అంచు ఎలా లేచిందో! ఊదితే కదిలేట్టుంది. ఈ దీవిలో ఎవరి కుట్టు వాళ్ళదే, కాదనను. పువ్వంటే మాత్రం జానెట్టాదే.”

“ఊఁ.”

“దీన్ని తీసుకెళ్ళి మట్టిలో పెడతానంటావేంటే?”

“ఆమెది ఆమెతోనే పోనీ.”

“నీ ఇష్టం… ఆగు. ఇటువైపు పువ్వులు ఆమెవి కావు.”

“ఆమెవే.”

“ముప్పయ్యేళ్ళుగా ఆమె పువ్వులు విడదీస్తున్నాను, నాకు చెప్తావా? ఇవి కాస్త బిగువు. బాగున్నాయి, చాలా బాగున్నాయి. కానీ వేరే చెయ్యి. ఎవరిది?”

“కొయ్యి పిన్నీ.”

“ఎవరిదే?”

“నాది.”

“నీదా! సూది పట్టమంటే కిటికీ దూకి పారిపోయేదానివి, నీదా?”

“ఏం చెయ్యను? రెండేళ్ళ కిందట చూపు పోయిందంది. పువ్వు సగంలో ఆగిపోయింది. ‘నువ్వు కుట్టు, నేను తడిమి చెప్తా’ అంది. తప్పు పడితే విప్పించేది. ఒక్క రేకు పదకొండుసార్లు విప్పించింది. తిట్టుకుంటూ కుట్టాను.”

“ఒక్క మాటైనా చెప్పలేదేం నాకు?”

“చెప్పొద్దని ఒట్టేయించుకుంది. పువ్వుల జానెట్టాకి కళ్ళు లేవంటే పరువేం కావాలి? అందుకే ఇవి మట్టిలోకి పోవాలి. నీలాంటివాళ్ళు ఇంకొకరు చూడకముందే. ఆమె పరువు ఒక్కటి నిలబడితే చాలు, నాకింకేం వద్దు… ఏంటలా చూస్తావు? బ్లేడు పక్కన పెట్టేశావేం?”

“ఒర్సోలా…”

“ఏంటి పిన్నీ?”

“పోయిన ఆదివారం నా సూదిలోకి దారం ఎక్కించింది మీ అమ్మేనే. కళ్ళజోడు కూడా అడగలేదు.”