అవతలి పిడి

కట్టెల అడితి వెనక పాక. ఏళ్ళ తరబడి కలిసి కట్టెలు కోసి అమ్ముకుంటున్న వదినా ఆడపడుచుల మధ్య నేలమీద కొత్త కోత మిషన్ ఉంది. పాతదానికి రెండింతలుంది. వదినకు దాన్ని చూస్తేనే ఒళ్ళు మండుతోంది.

“అయితే మాత్రం, నాతో ఒక్క మాట అనకుండా తెచ్చేస్తావా?”

“అన్నాను కదా వదినా. బేకరీవాళ్ళు కట్టెలకు వచ్చినరోజు అన్నాను.”

“చిన్న మిషన్ మొరాయిస్తోందన్నావు. ఇంత ఏనుగును తెస్తానన్నావా?”

“కాస్త జరుగు. పెట్రోలు పొయ్యాలి.”

“పసిపిల్లకు పాలు పట్టినట్టు పోస్తున్నావే.”

“ఆయిలు కలిపింది. ఒలికితే జారుతుంది.”

“చినుకు పడగానే పరిగెత్తి దానికి గోనెపట్టా కప్పావు. నాకు జ్వరమొచ్చి దుప్పటి అడిగితే, అక్కడే ఉంది తీసుకో అన్నావు.”

“వదినా.”

“ఏం, అబద్ధమా?”

“చైను చూడనీ. కొత్తలో సాగుతుందట. రెండు మొద్దులు కోశాక ఆపి, చల్లారాక మళ్ళీ బిగించాలట.”

“అట, అట. ఎవరు చెప్పారు ఈ అటలన్నీ?”

“షాపావిడ.”

“ఓహో. అందుకా రోజూ తల దువ్వుకుని బజారుకెళ్ళడం. చిన్నదా నాకన్నా?”

“ఎవరికి తెలుసు? సంబంధం మాట్లాడ్డానికి వెళ్ళానా నేను?”

“సరేలే. నేను గట్టిగా పట్టుకుంటా, నువ్వు తాడు లాగు.”

“అక్కర్లేదు. కింద పెట్టి, ఈ వెనక పిడిలో కాలుపెట్టి తొక్కి లాగాలి. ఒక్కళ్ళు చాలు.”

“ఒక్కళ్ళు చాలు.”

“అలా తయారుచేశారు వదినా. నేను చేశానా?”

“ఆ చిన్న మిషన్‌ని ఎప్పుడైనా ఏమన్నా అన్నానా? దాని మానాన అది కొమ్మలు కోసుకుంది, లావు మొద్దుల జోలికి రాలేదు. మొద్దులు మన రంపానివే. అటు పిడి నీది, ఇటు పిడి నాది. మీ అన్నయ్య పోయినప్పుడు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. అయినా రంపం ఆగిందా? నీ ముఖం చూస్తూ లాగాను. ఇప్పుడిదొచ్చి మొద్దులూ నావే అంటోంది.”

“అటు నుంచోకు. మొద్దుకు ఎదురుగా ఉండకూడదు.”

“ఇన్నేళ్ళూ ఇక్కడేగా నుంచున్నాను.”

“రంపం వేరు, ఇది వేరు. దీని ముక్కు దేనికైనా తగిలిందంటే ఎగిరి మీదికొస్తుంది. వెనక్కి వెళ్ళు. ఇంకా. ఆ గుమ్మం దాకా.”

“ఇవాళ గుమ్మం దాకా. రేపు వీధి దాకానా?”

“నీతో వాదించలేను.”

“మా చెల్లెలింటికి పోతాలే. పనికి అక్కర్లేనిదాన్ని ఇంట్లో మాత్రం ఎందుకు?”

“నీ గురక వింటే రెండోరోజే తిరుగు బస్సెక్కిస్తుంది.”

“నవ్వించకు. ఆ రంపం ఏం పాపం చేసిందో చెప్పు. పళ్ళు అరిగాయా? ఆకురాయి పెట్టిస్తా.”

“పళ్ళు బాగానే ఉన్నాయి.”

“పిడి వదులైందా?”

“లేదు.”

“మరి?”

“భుజం లాగేస్తోంది వదినా. అంతే.”

“అదీ. అలా ఒప్పుకో. నేను చూడట్లేదా? సగం మొద్దు తెగేసరికి నీ జాకెట్టు తడిసి ముద్దవుతోంది. నీకన్నా పెద్దదాన్ని, నాకు నుదుటిమీద చెమట చుక్కుండదు. చేతకాక తెచ్చానంటే నేనేమన్నా అంటానా?”

“చెవులు మూసుకో. లాగుతున్నా.”

“ఆగు. తాడు వదులు. దీన్ని వాళ్ళకే తిరిగిచ్చెయ్. నీ భుజం కుదుటపడేదాకా నీ వంతు కూడా నేనే లాగుతా.”

“వద్దులే వదినా.”

“ఎందుకు వద్దు? చెప్పు.”

“చెప్తే బాధపడతావు.”

“దీన్ని చూస్తే పడుతున్నదానికన్నానా? చెప్పు.”

“రెండేళ్ళనుంచి నువ్వు లాగట్లేదు వదినా. పిడి పట్టుకుని నుంచుంటున్నావు. లాగేదీ నేనే, అటు నెట్టేదీ నేనే.”