కాఫీ పొట్లం

సెర్బియాలో ఓ చిన్న ఊరి ఆసుపత్రి. ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్న పెద్దాయన, తీసిన అమ్మాయి.

“అయిపోయింది బాబాయ్, చొక్కా వేసుకోండి. ఈ కాఫీ పొట్లం మాత్రం నాకొద్దు.”

“అదేంటి, అందరూ ఇచ్చేదేగా! సరే, ఫోటోలో ఏముందో చెప్పు.”

“అది డాక్టరుగారు చెబుతారు.”

“బాగుంటే బాగుందని ఒక్క ముక్క చెప్పడానికేం?”

“బాగున్నవాళ్లకి చెబితే, చెప్పనివాళ్లకి సంగతి తెలిసిపోదూ? అందుకే ఎవరికీ చెప్పను.”

“పద్ధతి మంచిదే. మరి మొన్న ఇక్కడే ఫోటో తీయించుకుని, ఏమీ లేదని తేలిన మా పక్కింటి రాద్మిల ఇచ్చిన పొట్లం నవ్వుతూ తీసుకున్నావట?”

“ముందు గుండీలు పెట్టుకోండి బాబాయ్, చలిగా ఉంది.”

“నాది ఎందుకు వద్దన్నావు?”

“ఊరికే అన్నాను బాబాయ్. ఇలా ఇవ్వండి, తీసుకుంటాను.”

“ఉంచుకో తల్లీ. డాక్టరు గది ఎటో చెప్పు.”