దీపం వదిలే దిక్కు

ఆంధ్రప్రదేశ్ పుట్టి నాలుగేళ్ళయినా దాని ముఖం ఎలా ఉంటుందో పోర్ట్ బ్లెయిర్ తెలుగువాళ్ళకు ఆ కార్తీకంలోనే తెలిసింది. డాలీగంజ్‌లో యిర్మియా మేస్టారి వసారా గోడకు కొత్త పటం వేలాడుతోంది. హోప్ టౌన్ నుంచి చేపలు తెచ్చి అమ్మిన తాతబ్బాయి ఖాళీ గంపతో మెట్లు దిగిపోయాడు గాని, అతని పెళ్ళాం కాళమ్మ మాత్రం పటం ముందు నుంచి కదిలితే ఒట్టు.

“బేగి రాయే కాళమ్మా! ఫీనిక్స్ బేలో బోటు ఎల్లిపోద్ది.”

“ఎల్తే మరోటొస్తాది బావా. మేస్టారూ, ఇదంతా మన తెలుగోళ్ళదేనేటి? ఇంతుందా?”

“అంతా మనదేనమ్మా. పై నుంచి చదవనా, కింద నుంచి చదవనా?”

“కింద నుంచి సదవండి. మాది పైనెక్కడో ఉంటాదంట. మాది ఆకర్న సూస్తాను.”

“దాని ఊరు లేదు మేస్టారూ. ఏరు కొట్టేసింది. లేని ఊరు పటంలోకి ఎలాగొస్తాది? ఫాల్తూ పని. చలో, చలో.”

“ఉండవయ్యా తాతబ్బాయీ, చూడనీ. ఇదిగో చిత్తూరు. ఇటు అనంతపురం, పైన కడప, కర్నూలు. ఈ నీలం గీత తుంగభద్ర. ఇక్కడికొచ్చి కృష్ణలో కలుస్తుంది. ఇవి మహబూబ్‌నగరు, నల్గొండ, వరంగల్లు...”

“ఆటి పక్కన నీలం రంగు లేదేటండీ?”

“ఆ జిల్లాలకు సముద్రం లేదమ్మా.”

“ఓలమ్మా! సముద్రం లేకండా ఎలాగ బతుకుతన్నారో, పాపం.”

“సముద్రమంతా ఈ కుడిచేతి పక్క. నెల్లూరు, గుంటూరు... ఇదిగో ఈ బాపట్ల మాది. ఇది కృష్ణ. ఇది గోదారి, సముద్రం దగ్గరికొచ్చేసరికి ఎన్ని పాయలైందో చూడు. రాజమండ్రి, కాకినాడ. ఇది విశాఖపట్నం, నువ్వు ఓడెక్కిన ఊరు.”

“ఎక్కినప్పుడు ఏడుస్తన్నాను, ఊరు సూళ్ళేదు. ఇంకా పైకెల్లండి.”

“పైన శ్రీకాకుళం జిల్లా. ఇది నాగావళి, ఇది వంశధార.”

“అదే! అదే మా ఏరు! ఇంత సన్నంగా ఏసేరేటి? కోపమొస్తే ఒడ్డు కనబడదు. మేస్టారూ, మనమున్న ఈ దీవెక్కడుంది ఇందులో?”

“మనం ఇందులో లేమమ్మా. ఈ సముద్రంలో ఇలా పోయి పోయి, పటం అంచు దాటి, ఇదిగో ఈ కిటికీ ఊచ దగ్గరుంటాం.”

“అలగైతే నాను ఆ ఊచ కాడ నిలబడి మా ఊరు కేసి తిరగాలంటే...”

“ఎడమపక్కకు తిరగాలి. పడమటికి, పొద్దుగూకే వైపు.”

“పడమటికా? కాదండీ. తూరుపుకి. మా బావ సెప్పాడు, రాస్ దీవి దాటేసి పొద్దు పొడిసే కాడని.”

“అటు పోతే బర్మా వస్తుందమ్మా.”

“బావా, మేస్టారేటంటన్నారు?”

“ఆయనకేటి, కిటికీ ఊచ సూసి సెప్తారు. రాయే, ఎల్దాం.”

“మన ఊళ్ళో పొద్దు సముద్రంలోంచే పొడిసేది. ఇక్కడా సముద్రంలోంచే పొడుస్తంది. అందుకని నాను అటే అనుకున్నాను. ఆడకూతుర్ని, నాకు తెల్దు. నువ్వు పడవ నడిపేవోడివి బావా. నీకూ తెల్దా?”

“దీపానికి దిక్కేటే? మనింటి ముందు నీళ్ళు అటున్నాయి, అటొదలమన్నాను. పడమటేపు కొండుంది. కొండ మీదకి ఒదుల్తావేటి?”

“ఏం దీపం తాతబ్బాయీ?”

“ఏటీ లేదు మేస్టారూ, ఆడోళ్ళ ఏసాలు.”

“నాను సెప్తానండి. రేపు పోలి పాడ్యమి కదా. అరటిదొప్పలో దీపమెట్టి మా అక్క పేరున నీళ్ళలో ఒదుల్తాను. గవరమ్మ మా అక్క. మా బావకి ముందు ఆవిడే పెళ్ళాం. నాను గుంటగా ఉన్నప్పుడే పోలిరాజు మావతో ఇక్కడికొచ్చేశాను. బావ తర్వాతొచ్చాడు, అక్క రాలేదు.”

“రమ్మంటే సముద్రం దాటనంది. నాను రమ్మన్లేదా?”

“రమ్మన్నావు, నాను కాదన్లేదు. ఓ ఏడు బావ ఊరెల్లొచ్చాడు మేస్టారూ. తల గొరిగించుకుని ఓడ దిగాడు. వంశధార పొంగి, సముద్రంలో కలిసే మొగ మార్చేసిందంట, ఊరూ మనుసులూ అంతా సముద్రంలోకి పోనాదంట, అక్కా పోనాదంట. అక్క పోతే సెల్లిని ఇవ్వడం మాలో ఉన్నదే కదండీ. ఆ గుండు మీద జుట్టు సరిగ్గా రాకండానే మా మావ నన్నిచ్చేశాడు. మావ కూడా పోయాడిప్పుడు.”

“అయ్యో. అదా సంగతి!”

“ఆవిడ పసుపు కుంకాలతో పోయింది, అదొకటే ఊరట. అందుకనే ఏటేటా ముత్తయిదువకి ఎట్టినట్టు పసుపూ కుంకం, జాకెట్టు గుడ్డా ఎట్టి దీపం ఒదుల్తాను. అది ఆవిడున్న కాడికెల్లాలని నా ఆశ. ఇన్నాళ్ళూ బర్మావోళ్ళకి పంపినట్టున్నాను.”

“ఊరి పేరేమిటి కాళమ్మా? చోటైనా చూపిస్తాను.”

“దేవరమొగ.”

“లేని ఊరికి చోటేటి మేస్టారూ! అది ఏడుస్తాది, మీకు పుణ్యముంటాది, ఒదిలెయ్యండి.”

“కళింగపట్నం ఇదిగో, దీపస్తంభం గుర్తు కూడా ఉంది. దాని పక్కన... ఉండండి, ఈ అక్షరాలు మరీ చీమతలకాయలు. దే... వ... దేవరమొగ. ఉందమ్మా! ఇక్కడే ఉంది.”

“ఉందా?”

“నా వేలి కింద ఉంది చూడు.”

“బావా, ఊరుందంట.”

“పేరుంటే ఊరున్నట్టేనేటి? పటం అచ్చేసినోళ్ళకేటి తెలుసు? పాత పటం ముందరెట్టుకుని పేర్లు దింపేసుంటారు. ఏరు కొట్టేసిన సంగతి ఆళ్ళకెవడు సెప్పాడు?”

“అదీ నిజమేనమ్మా. పోయిన ఊళ్ళు కూడా పటాల్లో మిగిలిపోతుంటాయి. నాదే తొందర. ఆశ పెట్టాను, ఏమీ అనుకోకు.”

“పోన్లెండి మేస్టారూ. పేరైనా మిగిలింది. ఓపాలి ముట్టుకోనా?”

“ముట్టుకో తల్లీ.”

“ఇక్కడా మా అక్క... మేస్టారూ, ఈ ఎర్ర గీతేటి? ఇది ఏరు కాదు కదా, ఏరు నీలంగా ఉంది.”

“అది బస్సు రోడ్డు. శ్రీకాకుళం నుంచి ఇలా వచ్చి దేవరమొగలో ఆగిపోయింది.”

“మాకు రోడ్డు లేదండీ. సేపల గంప నెత్తినెట్టుకుని సిక్కోలు దాకా నడిసేవోళ్ళం. సగం దారి ఇసకే. అరికాళ్ళు కాలిపోయేవి.”

“అయితే ఈమధ్య వేసుంటారు. నా దగ్గర పాత పటం ఉంది, అందులో ఈ ఎర్ర గీత లేదు. ఇదిగో, నువ్వే చూడు.”

“పాత దాంట్లో లేదు. కొత్త దాంట్లో ఉంది.”

“అవును.”

“ములిగిపోయిన ఊరికి బస్సెందుకు బావా?”

“బోటు ఎల్లిపోతంది కాళమ్మా.”

“ములిగిపోయిన ఊరికి బస్సెందుకని అడిగాను.”

“మళ్ళీ కట్టుకునుంటారు. మనుసులు పోతే ఊళ్ళు పోతాయేటి?”

“ఇందాక ఊరే లేదన్నావు.”

“అంటే... ములిగింది. మళ్ళీ తేలుంటాది.”

“ఊరేమన్నా సేపా బావా, ములిగి తేల్డానికి? ఇలా సూడు. నా మొకం సూసి సెప్పు. ఏరు పొంగిందా?”

“ఏరు పొంగకండా ఉంటాదేటి? ఏటేటా పొంగుతాది.”

“మా అక్క పోయిందా?”

“నాను ఇక్కడున్నాను, ఇక్కడ కూకుని నాకెలాగ తెలుస్తాది!”

“నువ్వే కదా ఎల్లొచ్చి సెప్పావు! తల గొరిగించుకుని మరీ సెప్పావు!”

“అరవకే. దారిని పోయేవోళ్ళు సూస్తన్నారు.”

“మీ ఇద్దరికీ దండం పెడతాను, గొడవ పడకండి. దీనికి దారి నేను చెబుతాను. ఈ పటం తెచ్చిచ్చింది గురునాథం, ఓడలో ఖలాసీ. వాళ్ళది కళింగపట్నమే. మంగళవారం తిరిగి వెళ్తున్నాడు. దేవరమొగకు వెళ్ళి, తాతబ్బాయి పంపాడని చెప్పి, గవరమ్మ సంగతి కనుక్కుని రమ్మంటాను.”

“ఒద్దు!”

“ఎందుకొద్దయ్యా?”

“నా పేరెత్తకండి మేస్టారూ. మీ కాళ్ళట్టుకుంటాను. అక్కడ నా పేరెత్తకండి.”

“నీ పేరెత్తితే ఏమవుతుంది?”

“ఆళ్ళు... నాను లేననుకుంటన్నారు.”

“లేవనంటే?”

“పోయాననుకుంటన్నారు. సేపల ఏటకెల్లి సముద్రంలో పోయానని... కబురెట్టాను.”

“ఎవరు పంపారు కబురు?”

“నానే. ఊరి దాకా ఎల్లకండా, విశాకలో ఒకడి సేత సెప్పించాను.”

“యేసయ్యా! తాతబ్బాయీ, ఏం పని చేశావు?”

“మరేటి సెయ్యమంటారు? అదక్కడ గుమ్మంలో కూకుని ఎదురుసూస్తా ఉంటాది. ఇది సూస్తే ఇక్కడ, కళ్ళ ముందు తిరుగుతంది. అక్క బతికుండగా పోలిరాజు దీన్ని నాకిస్తాడా? కాళమ్మా, నీ మీద మనసుండే సేశానే. అమ్మతోడు.”

“ఆ గుండేటి బావా?”

“ఏ గుండు?”

“ఓడ దిగినప్పుడు. ఆ గుండు నా రొమ్ముకి అదుముకుని మా అక్క కోసరం ఏడిసాను. నువ్వూ ఏడిసావు. ఆ గుండెక్కడిది?”

“సింవాచలంలో ఇచ్చాను, మొక్కుండి.”

“దేవుడికిచ్చిన గుండుని సావు గుండని సూపించావా.”

“ఎవరూ అడగలేదే. సూసి మీకు మీరే అనేసుకున్నారు, నాను ఊఁ అన్నాను. తర్వాత ఏరొకటి కల్పించాల్సొచ్చింది.”

“అందుకేనా, తెలుగోళ్ళంతా ఒక సోట ఉంటే నన్ను హోప్ టౌన్లో ఎట్టావు? సేపలకి అటేపు మంచిదన్నావు. మన సైడు మనిసెవడైనా ఎదురైతే పక్కదారట్టించేవోడివి. నన్ను పక్కనెట్టుకు తిరగడానికి సిగ్గనుకున్నాను, ఎర్రిమొకాన్ని.”

“తప్పే. తప్పు కాదన్లేదు. కానీ దానికీ అదే నయమనుకున్నాను. రానోడి కోసరం ఎదురుసూడ్డం కన్నా, పోయాడని ఏడ్సేసి ఊరుకుంటాది కదా.”

“ఊరుకుంటాదా! మేస్టారూ, ఇన్నారా? నానిక్కడ ముత్తయిదువని ఏటేటా దానికి పసుపూ కుంకం ఎడతన్నాను. అక్కడ దాని గాజులు పగలగొట్టేశారు. నలుగురూ కూకోబెట్టి, నీళ్ళు పోసి, బొట్టు తుడిసేసుంటారు. మొగుడు ఇక్కడ సేపలమ్ముకుంటా ఉంటే. ఆ బొట్టు నానెట్టుకుని తిరుగుతన్నాను. నా సేత దొంగతనం సేయించావు కదరా బావా!”

“కాళమ్మా, కొంచెం కూర్చో తల్లీ. నీళ్ళు తాగు. దీనికి నీ తప్పేమీ లేదు.”

“కూకోను. గురునాథం ఓడ మంగళవారమేనా అన్నారు?”

“అవును. ఉత్తరం రాసిమ్మంటావా?”

“ఉత్తరం మా అక్కకి సదవరాదు. ఎవడో సదివి ఎనిపిస్తే ఆ మాట సగమే నమ్ముతాది. నానే ఎల్తాను. నన్ను సూస్తే నమ్ముతాది.”

“నీకు పిచ్చేటే? ఎల్లి ఏటి సేస్తావు? ఆళ్ళు నిన్ను గుమ్మం తొక్కనిస్తారా?”

“గుమ్మం తొక్కకపోతే ఈదిలో నిలబడతాను. ఇప్పుడు బస్సుందంట కదా ఊరి దాకా, కాళ్ళు కాలవు. మా అక్కని పిలిసి, నా కుంకం బరిణి తీసి, దాని నుదుటిన బొట్టెడతాను. తర్వాత అది నన్ను కొట్టనీ, సంపనీ.”

“మరి నా గతేటే? నాను ఇటూ కాకండా అటూ కాకండా అయిపోతాను కదే. నా మాటేటి కాళమ్మా?”

“రేపు తెల్లారగట్ట దీపం ఎలాగూ ఒదుల్తాను బావా. ఈసారి నీ పేరున ఒదుల్తాను.”