ఆఫీసుకి వేళైంది

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఎనభై దాటిన తల్లి హ్యాండ్‌బ్యాగులో సిలువ ఉన్న జపమాల వేసుకుని, చెప్పులు తొడుక్కుని, కూతురి మంచం పక్కన నిలబడింది.

"లేవే. గుళ్లో పూజ చూసుకుని అట్నుంచటే ఆఫీసుకి పోవాలి."

"ఇవాళ నీకు సెలవమ్మా. పడుకో."

"నిన్నా అదే అన్నావు. రోజూ సెలవైతే జీతం ఎవరిస్తారు?"

"మీ ఆఫీసరే ఫోన్ చేశాడు. ఒంట్లో బాగయ్యాకే రమ్మన్నాడు."

"ఏ ఆఫీసరు?"

"టైపులో ఒక్క తప్పుంటే కాగితం మొహాన కొట్టేవాడు చూడు, ఆయనే."

"ఆయన పోయి ఎన్నేళ్లయిందే. సమాధి మీద కొవ్వొత్తి వెలిగించి మరీ వచ్చాను. ఈసారి ఫాదర్ దగ్గర పాపసంకీర్తనంలో ఈ అబద్ధం కూడా చెప్పుకో."

కూతురు లేచి కూర్చుంది.

"అంటే, నీకిప్పుడు ఆఫీసు లేదని తెలుసా?"

"తెలియకేం. మతి పోయిందనుకున్నావా?"

"మరెందుకమ్మా రోజూ ఈ హడావిడి? నాకు ఓపిక లేదు."

"నేను బయల్దేరితే గానీ నువ్వు మంచం దిగవు. చిన్నప్పటి నుంచీ అంతే. బస్సు తప్పిపోతే మీ ఆఫీసులో ఊరుకుంటారా?"

తను రిటైరై రెండేళ్లయిందన్న మాట కూతురి నోటిదాకా వచ్చింది. దాన్ని అక్కడే మింగి, దువ్వెన కోసం తడుముకుంది.

"లేచానమ్మా. బస్సు అందుతుందిలే, పద."