మోరగ్ పాలు

స్కాట్లండ్ పడమటి తీరం, నాలుగు వందల యాభై ఏళ్ళ కిందట. డన్‌వారా కోట గుమ్మం. ఇనుప కటకటాల తలుపుకు లోపల ముసలి కావలివాడు ఫర్కర్. బయట, కోటను చుట్టుముట్టిన టోర్మొడ్. అతని వెనక వంద మంది.

"ఇంకా ఎంతసేపు ఫర్కర్? గోడ పొడుగునా తడి కంప పోగేశాం. అంటించానంటే ఆ పొగకి లోపల ఎలకలు కూడా బతకవు."

"అంటించు, ఎవరొద్దన్నారు. మీ తాత కట్టిన కోట. నష్టం నీదే."

"అందుకే మర్యాదగా అడుగుతున్నా. తలుపు తియ్యి. లోపల ఎంతమంది?"

"వంటావిడ. ఇద్దరు కుంటి సిపాయిలు. నేను."

"ఇంకా?"

"ఆవుంది. చూలుతో ఉంది. రెండుగా లెక్కేసుకో."

"అలస్టర్ కూతురి గురించి అడుగుతున్నా."

"వాళ్ళ నాన్నేడి ముందు చెప్పు. నిన్న పొద్దున్న వాగు దాకా పోయొస్తానన్నాడు."

"వాగు దగ్గరే ఉన్నాడు. తల ఈటె మీదుంది. మిగతాది నీళ్ళలో ఉంది."

"నువ్వే నరికావా?"

"నా చెయ్యి పడలేదు. వాడూ నేనూ ఒక్క రొమ్ము పాలు తాగాం. పాలు పంచుకున్నవాణ్ణి చంపితే ఈ కొండల్లో కుక్క కూడా నా వెనక రాదు. అటు తిరిగి నిలబడ్డా. మావాళ్ళు కానిచ్చారు."

"అటు తిరిగి నిలబడ్డావా. మంచి పని చేశావు. మరి పాలు పంచుకున్నవాడి కూతురు నీ కూతురు కాదూ?"

"కాదు. నీకు తెలీదా? ఆ బంధం పాలు తాగినవాళ్ళ వరకే. పిల్లలకి రాదు. మాకు పాలిచ్చిన అమ్మని పిలువు, అమ్మే చెప్తుంది."

"అమ్మెక్కడిది రా. మోరగ్ పోయింది. చలికాలం మొదట్లో. దగ్గు."

"నాకు కబురు పెట్టలేదేం?"

"శత్రువుకి కబురు ఎవరు మోస్తారు? చివర్లో నిన్నే తలచుకుంది. వాడు నిద్దట్లో కంబళి తన్నేస్తాడు, ఎవరన్నా మళ్ళీ కప్పుతున్నారో లేదో అని."

"ఆ మాటలొద్దు. తలుపు సంగతి చెప్పు."

"తలుపు సంగతే చెప్తా విను. ఇరవై ఆరేళ్ళ కిందట ఈ తలుపు తీసింది మా నాన్న. రెండు ఇళ్ళకీ స్నేహం కుదిరిందన్నారు. ఆ గుర్తుకే అవతలి ఇంటి చంటిపిల్లాడు అలస్టర్ని పాలకి మోరగ్ చేతిలో పెట్టారు. విందు అన్నారు. వాడి నాన్న నలభై మందితో వచ్చాడు. మాంసం కోసే కత్తులతోనే పని కానిచ్చారు. మీ తాత గొంతు తెగేసరికి నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. మీ నాన్న మెట్ల మీద పడ్డాడు, తొమ్మిదో మెట్టు. ఇప్పటికీ దాన్ని తొక్కను నేను. దాటేస్తా, మోకాళ్ళు నొప్పైనా సరే. ఆడవాళ్ళని బావిలో వేశారు. ఏడాది పాటు వాన నీళ్ళు తాగి బతికాం."

"నాకు తెలియని కథా ఇది?"

"బల్ల కింద రెండేళ్ళ పిల్లాడు దొరికాడు. కాళ్ళు పట్టుకుని గోడకేసి కొట్టబోయారు. మోరగ్ అడ్డంపడింది. వీడూ నా పాలే తాగాడు, అలస్టర్‌కి అన్న, చంపితే ఆ ఉసురు మీ బిడ్డకే కొడుతుంది అంది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయాయి. ఏడేళ్ళొచ్చేదాకా ఒళ్ళో పెట్టుకు పెంచి, దీవికి, మీ మేనమామ దగ్గరికి పడవెక్కించింది."

"ఆ పిల్లాడే ఇవాళ వంద మందితో వచ్చాడు. అర్థమైందా? ఒక్కణ్ణి మిగిల్చితే ఏమవుతుందో నేనే సాక్ష్యం. ఆ తప్పు నేను చెయ్యను. బాకు మీద చెయ్యేసి వీళ్ళందరి ముందు ఒట్టు పెట్టా. ఆ రక్తంలో ఆడా మగా ఎవర్నీ వదలనని."

"ఒట్టు తప్పితే?"

"వెనక ఆ ఎర్రగడ్డం వాణ్ణి చూశావా? రూరీ. నేను ఎప్పుడు తప్పుతానా అని కాచుకు కూర్చున్నాడు. ఆ పిల్లా పోతుంది, నేనూ పోతాను."

"దానికి ఏడేళ్ళు కూడా నిండలేదు రా. ముందు పళ్ళు ఊడి ఉన్నాయి."

"పళ్ళ సంగతి నాకు చెప్పకు."

"పొద్దున్న కిటికీలోంచి నిన్ను చూసి, ఆయన తడిసిపోతున్నాడు తాతా, లోపలికి రమ్మనరాదా అంది."

"చెప్పకన్నానా. మూడు లెక్కపెడతా. తర్వాత నిప్పే."

"తీస్తా. తీస్తా. నీ వాళ్ళని దగ్గరికి పిలువు. కోట అప్పగించే మాట అందరూ వినాలి. అదేగా పద్ధతి."

"రూరీ, ఇలా రండి. అందరూ రండి. ఈయనేదో చెప్తాడట."

"వినండయ్యా. నా పెళ్ళాం మోరగ్ మీ దొరకి పాలిచ్చింది, అది మీకు తెలుసు. ఏడేళ్ళ కిందట మాకొక బిడ్డ పుట్టి, పుట్టిన నాడే పోయింది. అదే వారం అలస్టర్ భార్య పురిట్లో పోయింది. మా బిడ్డ పాలు ఎవరు తాగారనుకున్నారు? బయటికి రా మార్సలీ. భయం లేదు, రా తల్లీ. ఇదిగో, మీ దొరకి చెల్లెలు. పాలు పంచుకున్న చెల్లెలు. పొడిచే మొగాడెవడో ముందుకు రండి."

"ముసలోడు అబద్ధమాడుతున్నాడు టోర్మొడ్. చావు భయం."

"చావు భయమా రూరీ? ఇదిగో గడియ తీశా. ఇదిగో మెడ. అబద్ధమైతే నరుకు."

"రూరీ, నువ్వాగు. పిల్లా, ఇలా రా. మోరగ్ నీకేమవుతుంది?"

"అవ్వ. నాకు జావ పోసేది. మేక పాలలో వేలు ముంచి..."

"దానికేం గుర్తుంటుంది టోర్మొడ్, పొత్తిళ్ళలో సంగతి!"

"అరవకు ముసలోడా. వినపడుతోంది. రూరీ, కత్తి దించు. వీళ్ళ నాన్న మీద నేనే చెయ్యెత్తలేదు, పాలు పంచుకున్నాడని. ఇది నా చెల్లెలు. దీని మీద ఎత్తిన కత్తి నా మీద ఎత్తినట్టే. ఒట్టు కంటే పాలు పెద్దవి. కాదనేవాడెవడన్నా ఉన్నాడా?"

"కాదనను. పద్ధతి పద్ధతే."

"కంప లాగేయండి. పోయి గోడలెక్కండి. ఆవు జోలికి ఎవడూ పోకండి, చూలుతో ఉందట. వాగు దగ్గర ఆ తలని ఈటె మీంచి దించి మిగతాదానితో కలిపి పూడ్చండి. వెళ్ళండి."

"తాతా, నేను లోపలికి పోనా?"

"పో తల్లీ. పొయ్యి దగ్గర కూర్చో. వస్తున్నా."

"ఫర్కర్, ఇప్పుడు మనిద్దరమే. మోరగ్ పాలు తాగిందా ఆ పిల్ల?"

"ఇందాక అందరి ముందూ చెప్పాగా."

"నన్ను చూసి చెప్పు."

"లేదు. మేక పాలే. ఏడేళ్ళ కిందట మాకు బిడ్డ పుట్టిందీ లేదు, పోయిందీ లేదు. నరకాలంటే నన్ను నరుకు. మోరగ్ పేరు మీద నేనాడిన మొదటి అబద్ధం ఇది."

"నువ్వు మొదలుపెట్టగానే తెలుసు నాకు."

"తెలిసీ ఎందుకొదిలావు రా?"

"దీవికి పడవెక్కించే రోజు అమ్మ నా చెవిలో ఒక మాట చెప్పింది. నువ్వు నా పాలు తాగలేదు నాయనా, బల్ల కింద దొరికేనాటికే నీకు రొట్టె కొరికే పళ్ళున్నాయి అని."